దొర మందు, ఆయన పథ్యం

జూలై 14, సోమవారం

నా పేరు బుల్లెమ్మ. వయసు డెబ్బై నాలుగు. ఆధార్ కార్డులో డెబ్బై ఒకటి ఉంటుంది, అది కార్డు రాసినవాడి తప్పు, నేను దిద్దించలేదు. కాపురం నరసాపురం, వలంధర రేవు వెనక వీధి. ఇంట్లో ఉండేవాళ్లం నేను, మా ఆయన అచ్చిబాబు, అబ్బాయి కిరణ్, కోడలు అశ్విని, దొర. మా ఆయన గోదావరి దాటించే పంటు మీద సరంగుగా చేసి దిగిపోయారు. దొర కుక్క. రేషను కార్డులో పేరు లేదు గానీ ఇంట్లో మనిషే.

నాకు చదువు రాదు. లేసు అల్లడం వచ్చు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. సొంతంగా ఒక్క మాట చేర్చనని, నేనన్నది ఒక్కటీ తీసెయ్యనని ముందే ఒట్టు వేయించుకున్నాను. (వేశాను. అశ్విని.) చదివించుకుంటే తెలిసింది, అప్పుడే ఒకటి చేర్చింది.

పాలకొల్లు పశువుల డాక్టరమ్మ శృతి రోజూ దొర సంగతి రాసి పెట్టమంది. ధార వచ్చిందా, చుక్కలు వచ్చాయా, ముక్కాడా, రక్తం కనిపించిందా అని. అవన్నీ ఆవిడ కోసం వేరే కాగితం మీద రాస్తాం. ఈ పుస్తకం మాత్రం నాది. ఇందులో నా కేసు ఉంటుంది. బియ్యం డ్రమ్ము మీద పెడతాను, ఎవరూ ముట్టుకోకూడదు.

కేసు ఏంటంటే, దొరకి పదకొండేళ్లు. మా ఆయన ఉద్యోగం ఆఖరి రోజున పంటు మీద ఎవరో వదిలేసిన సంచిలో దొరికాడు. ఈ మధ్య గోడకి కాలెత్తాడంటే, పాలవాడు వీధి చివరిదాకా వెళ్లి పాలుపోసి తిరిగొచ్చినా ఇంకా అలాగే నిలబడి ఉంటున్నాడు. వచ్చేది చుక్కలు. మొన్న ఆ చుక్కలు ఎర్రగా కనిపించాయి. డాక్టరమ్మ పొట్ట మీద మిషను పెట్టి చూసి, "ప్రోస్టేటు వాచింది మామ్మగారూ. ముసలి మగకుక్కలకి మామూలే. కింద వృషణాలు తీసేస్తే వాపు దానంతటదే కరిగిపోతుంది. చిన్న ఆపరేషను" అంది.

నేను ఒప్పుకోలేదు. నాకంటే గట్టిగా మా ఆయన ఒప్పుకోలేదు. కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

"అదేం వైద్యం తల్లీ! వాపొస్తే వాపు తగ్గించాలి గానీ కోసెయ్యడమేంటి! ముసలాడి మీద ఇంత అన్యాయమా! రేపు వీధిలో మొహం ఎలా ఎత్తుకుంటాడు!"

ఇన్నేళ్ల కాపురంలో నా కంటే పైస్థాయిలో ఆయన అరవడం ఇదే మొదలు. కుక్క మీద అంత ప్రేమ ఉందని నాకు తెలియదు.

డాక్టరమ్మ బీరువా తెరిచి ఒక డబ్బా తీసింది. "నేను చైనా మూలికా వైద్యం కూడా నేర్చుకున్నాను. పొడి ఇస్తాను, కాచి పట్టించండి. వినాయక చవితి దాకా చూద్దాం. వాపు తగ్గితే సరే. తగ్గకపోతే మీరే తీసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టాలి. మధ్యలో ధార పూర్తిగా ఆగిపోతే మాత్రం చవితి అనీ గివితి అనీ చూడకండి, వెంటనే రండి. ప్రాణం మీదకొస్తుంది" అంది.

సరే అన్నాను. దొరని కోయించేది లేదు. ఇదీ నా కేసు.

జూలై 15, మంగళవారం

మందు డబ్బా మీద అన్నీ చైనా అక్షరాలే. కిరణ్ ఎంకామ్. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కోడలు బీఈడీ. కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. మా ఆయన పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ వరకు వదలకుండా చదివే మనిషి, డబ్బా తలకిందులుగా పట్టుకున్నారు. ఇవాళ ఈ ఇంట్లో అందరం వేలిముద్రగాళ్లమే. నాకు అన్నం తినకుండానే కడుపు నిండింది.

లోపల ఏముందో డాక్టరమ్మ నోటితో చెప్పింది. దాల్చిన కొమ్మ, ఏదో పండు గింజలోని పప్పు, కొండల మీది చెట్ల వేళ్లకి పుట్టే పుట్టగొడుగు. దాల్చిన నా పోపుల పెట్టెలోనూ ఉంది. చైనా అయితే ఏంటి, చెట్టు చెట్టే.

పథ్యం మాత్రం చెప్పలేదు. చిన్నపిల్ల, మర్చిపోయి ఉంటుంది. పథ్యం లేని మూలికా మందు ఎక్కడైనా ఉందా? అందుకని నేనే పెట్టాను. వంకాయ, గోంగూర, ఆవ, గుమ్మడికాయ, ఎండుచేప ముట్టుకోకూడదు.

"దొర గోంగూర ఎప్పుడు తిన్నాడు అత్తయ్య గారూ?" అంది కోడలు.

"ఇకముందు కూడా తినకూడదు" అన్నాను. "పథ్యం తప్పితే మందు తిరగబడుతుంది."

మా ఆయన పేపరు దించారు. "తిరగబడితే ఏమవుతుందే?"

"రోగం ఉన్నదానికి రెండింతలవుతుంది."

మళ్లీ పేపరు ఎత్తుకున్నారు.

జూలై 16, బుధవారం

మందు కొంచెం దొర కడుపులోకి, మిగతాది నా చీర మీదకి వెళ్లింది. గరిటె కొరికేశాడు.

జూలై 19, శనివారం

పద్ధతి కుదిరింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పొడి కాచి, వడగట్టి, గ్లాసులో పోసి వంటింటి కిటికీ గట్టు మీద చల్లారబెడతాను. నేను కాస్త నడుం వాలుస్తాను. లేచాక సగం అప్పుడు, సగం మర్నాడు పొద్దున పట్టిస్తాను. పట్టించడానికి ఇద్దరు కావాలి, ఒకరు దవడ పట్టుకోవడానికి, ఒకరు తిట్టడానికి. వాసనకే దొర మంచం కిందికి దూరిపోతున్నాడు. నేను ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూశాను. తడిసిన బూడిదలో పాత చెప్పు నానబెట్టినట్టుంది. మంచి మందే అయి ఉంటుంది.

జూలై 21, సోమవారం

మా ఆయన దొడ్లో కొబ్బరిచెట్టు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి నేను లేసు పువ్వు ఒకటి పూర్తిచేసి రెండోది మొదలుపెట్టాను. వచ్చి కూర్చున్నారో లేదో మళ్లీ లేచి వెళ్లారు. పనీ పాటా లేని మనిషి, చెట్టుకి కాపలా కాస్తున్నారు.

జూలై 24, గురువారం

అద్భుతం జరిగింది. మంచం కింద దూరేవాడు ఇవాళ తోక ఊపుకుంటూ వచ్చి మందంతా తాగి గ్లాసు నాకాడు. దవడ పట్టుకోనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. మందు గుణం ఒంటికి పడితే ఒళ్లే అడుగుతుంది. నేను మొదటి నుంచీ చెబుతున్నాను.

కోడలు గ్లాసు వాసన చూసి, "తియ్యగా ఉందేంటి అత్తయ్య గారూ?" అంది.

"రోగం తగ్గేటప్పుడు చేదు తియ్యగానే ఉంటుంది" అన్నాను.

"ఉంటే దొరకి ఉండాలి గానీ, నాకెందుకుంటుందండీ?"

బీఈడీ చదివినవాళ్లతో ఇదే ఇబ్బంది.

జూలై 27, ఆదివారం

చిట్టి ఎండుచేపలు, మెత్తళ్లు వేసి వంకాయ వండాను. మా ఆయనకి అది ఉంటే పెళ్లాం లేకపోయినా పర్వాలేదు. కంచం ముందు కూర్చుని, కూర చూసి, గుటక వేసి, "నాకు చారు పొయ్యి చాలు" అన్నారు.

"ఏం, బాగా వండలేదా?"

"దొర పథ్యంలో ఉంటే నేను వాడి ఎదురుగా వంకాయ ఎలా తిననే? వాడికి తోడుగా నేనూ పథ్యం చేస్తున్నాను."

నాకు కళ్లు చెమర్చాయి. నా కాన్పులకి నేను నెలల తరబడి కారప్పొడి అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చేపల పులుసు జుర్రిన మనిషి. ముసలితనంలో మనసు మెత్తబడింది. చీర చెంగుతో కళ్లొత్తుకున్నాను. ఈ కళ్లొత్తుకోవడం రాయొద్దన్నాను. ఏదీ తీసెయ్యనని ఒట్టేశాను కదండీ అని రాసేసింది.

జూలై 30, బుధవారం

పాలకొల్లు వెళ్లాం. డాక్టరమ్మ మిషను పెట్టి చూసింది. వాపు తగ్గలేదు, కాస్త పెరిగినట్టే ఉందంది.

"మందు పూర్తిగా తాగుతున్నాడా మామ్మగారూ?"

"తాగడమేంటి డాక్టరమ్మా, గ్లాసు నాకేస్తున్నాడు."

"నాకుతున్నాడా! ఈ మందునా!" అని ఆవిడ దొర వంక చూసింది. దొర ఆవిడ వంక చూశాడు. మా ఆయన కిటికీలోంచి రోడ్డు వంక చూశారు.

మందు పడుతున్నా రోగం తగ్గలేదంటే ఒకటే కారణం. ఎవరో పథ్యం చెడగొడుతున్నారు. ఇంటికి రాగానే గోడ దగ్గర నిలబడి బుల్లియ్యని కేకేశాను. బుల్లియ్య పక్కింటాయన, మా ఆయనతో పాటు పంటు మీద పనిచేశాడు.

"మా దొరకి ఎండుచేప పడేస్తున్నావా?"

"నేనా వదినా? నాకు బీపీ. ఎండుచేప మా ఇంట్లోకి వచ్చి రెండేళ్లయింది."

"మరి మీ పెరట్లో వాసనేంటి?"

"అది మీ వంటింట్లోంచే వదినా. గాలి ఇటు వీస్తోంది."

మర్యాదగా మాట్లాడేవాళ్లని నమ్మకూడదు. మా పెరటికీ వాళ్ల పెరటికీ మధ్య ఉన్న తలుపుకి గొళ్లెం పెట్టాను.

ఆగస్టు 2, శనివారం

దొరకి చుక్కలు కూడా తగ్గాయి. ఇది రాసి ఊరుకో.

ఆగస్టు 5, మంగళవారం

మందు పనిచేస్తోంది. నెమ్మదిగా పనిచేస్తోంది. ఇంకోసారి రాయి. మందు పనిచేస్తోంది.

ఆగస్టు 8, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం

పాలకొల్లు ఆసుపత్రి బల్ల మీద కూర్చుని చెబుతున్నాను. కోడలు పట్టుచీరలోనే రాస్తోంది. నా పాదాలకి పసుపు ఇంకా అలాగే ఉంది.

పొద్దున పూజ బాగా జరిగింది. పేరంటాళ్లు వెళ్లాక ఇంట్లోవాళ్లకి ఆకులు వేశాను. బుల్లియ్యని కూడా పిలిచాను, ఊరికే గొళ్లెం పెట్టానేమోనని మనసులో ఒక మూల ఉంది. పూర్ణాలు, ఆవ పెట్టిన పులిహోర, గుమ్మడికాయ పులుసు వడ్డించాను. ఆవపులిహోర అంటే మా ఆయన పంటు నడిపే రోజుల్లో అవతలి రేవు నుంచే వాసన పట్టేవారు. ఇవాళ దాన్ని వేళ్లతో ఆకు అంచుకి నెట్టేశారు. పులుసు అసలు పొయ్యనివ్వలేదు.

"దొరకి తోడు చేసింది చాలండీ. అమ్మవారి ప్రసాదం. వద్దనకూడదు."

"వద్దే బుల్లెమ్మా. తిరగబడుతుంది."

"ఏం తిరగబడుతుంది?"

"మందు."

ఆ మాట జారాక ఆయన తల ఆకు మీదకి దించేశారు. బుల్లియ్య పూర్ణం నమలడం ఆపేశాడు. నేను గరిటె ఆకు మీద అలాగే పట్టుకుని నిలబడ్డాను. లేసులో ఒక్క ముడి తప్పితే వెంటనే కనపడదు. వరస తిరిగొచ్చాక మొత్తం వంకరగా కనపడుతుంది. కొబ్బరిచెట్టు కనపడింది. తియ్యటి గ్లాసు కనపడింది. వంకాయ కూర ముందు ఆయన వేసిన గుటక కనపడింది.

"మందు తాగని మనిషికి పథ్యం ఎందుకండీ?" అన్నాను.

ఆయన జవాబు చెప్పేలోపే పెరట్లోంచి కోడలు కేక పెట్టింది. దొర గోడ దగ్గర కాలెత్తి నిలబడ్డాడు. చుక్క లేదు. మూలుగుతున్నాడు. పొట్ట గట్టిగా ఉంది. ఆకులు వదిలేసి, వచ్చిన ఆటో ఎక్కేశాం. దొర ముగ్గురి ఒళ్లోనూ పడుకున్నాడు, తల మా ఆయన ఒళ్లో.

"నేనే బుల్లెమ్మా" అన్నారు ఆయన. "నువ్వు పడుకున్నప్పుడు సగం నేను తాగేశాను. గ్లాసు వెలితిగా కనపడకూడదని బెల్లం నీళ్లు పోశాను."

"కుక్క మందు మీకెందుకండీ?"

"నాకూ అదే కదే."

"ఏది?"

"దొరకున్నదే. ఏడాది నుంచి."

ఆటో కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. "ముందు చూసి నడుపు" అన్నాను.

"డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు కదండీ! కిరణ్‌కి చెప్పొచ్చు కదా! నాకు చెప్పొచ్చు కదా!"

ఆయన దొర చెవులు నిమిరారు. తర్వాత మెల్లిగా అన్నారు. "వెళితే ఏం కోస్తారో ఈ డాక్టరమ్మే చెప్పింది కదే. చిన్న ఆపరేషనంది."

కోడలు చెంగు నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వాలో చెంప మీద ఒకటి ఇవ్వాలో తెలియలేదు. కుక్క ఒళ్లో ఉండబట్టి రెండూ చెయ్యలేదు.

డాక్టరమ్మ సన్నటి గొట్టం పెట్టింది. కింద పళ్లెంలో ధార పడింది. పొద్దున వ్రతంలో మోగిన గంట కూడా నా చెవికి అంత మంగళంగా లేదు. తర్వాత ఆవిడ చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది. అప్పుడు బెల్లం సంగతి కోడలు చెప్పింది. డాక్టరమ్మ మా ఆయన వంక చూసి, పెదవి బిగబట్టి, నవ్వు మింగింది.

"మందు పనిచేసేదో లేదో ఇప్పుడు నేను చెప్పలేను మామ్మగారూ. సగం మందు, సగం పానకం. వాడినట్టూ కాదు, మానినట్టూ కాదు. ఇక చవితి దాకా ఆగడం కుదరదు. రేపు పొద్దున ఆపరేషను చెయ్యాలి."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "తల్లీ, మనుషులకి కూడా ఇదేనా?"

"కాదు తాతగారూ! చాలామందికి మాత్రలతోనే సర్దుకుంటుంది. మనుషులకి ఆపరేషను పడినా లోపల వాచిన చోటే చేస్తారు. మీరు భయపడుతున్న దాని జోలికి పోరు. కానీ మీకున్నది ఏ వాపో మనుషుల డాక్టరు చూసి తేల్చాలి. నా డబ్బా జోలికి మాత్రం రాకండి. కుక్క బరువుకి కొలిచిన మందు అది."

ఏడాదిగా ఆయన భుజాల మీద ఉన్నదేదో దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలారు. ఆ వెంటనే లేచి, బాత్రూం ఎక్కడుందని అడిగారు.

డాక్టరమ్మ నా ముందు కాగితం పెట్టింది. నేను వేలు సిరా మీద పెట్టకుండా అడిగాను. "మత్తిస్తే మళ్లీ లేస్తాడా అమ్మా?"

"దీని కోసమా మీరు వద్దన్నది?"

"మరి దేనికోసం అనుకున్నావు? మగతనం నాకెందుకు?"

"ముసలివాడే, కాదనను. గుండె గట్టిగా ఉంది. నేను పక్కనే ఉంటాను" అంది.

వేలిముద్ర వేశాను. నా చెయ్యి వణకలేదు. (వణికింది. అశ్విని.)

ఆగస్టు 9, శనివారం

లేచాడు.

ఆగస్టు 16, శనివారం

దొర ఇంట్లోనే ఉన్నాడు. కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు తగిలించారు. అది బోసిగా ఉందని అంచు చుట్టూ లేసు కుట్టాను. పొద్దున వీధిలోకి వెళ్లాడు. ఏ కుక్కా ఏమీ అనలేదు. మొహం ఎలా ఎత్తుకుంటాడోనని డాక్టరమ్మ దగ్గర గొడవ చేసిన మనిషి ఒక్కరే కిటికీలోంచి బెంగగా చూశారు. వాపు కరుగుతోందని, ఇంకొన్ని వారాల్లో మామూలవుతుందని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. మధ్య తలుపు గొళ్లెం తీసేశాను. బుల్లియ్యకి పూర్ణాలు పంపాను. క్షమాపణ పంపలేదు, పూర్ణాల్లో నెయ్యి ఎక్కువ వేశాను, అర్థమై ఉంటుంది.

ఇక మిగిలింది మా ఆయన కేసు. వారం నుంచి ఒక్కటే నస. "నాకు తగ్గిపోయింది బుల్లెమ్మా. ఆ చైనా పొడి నాకు బాగా పడింది. ఆ డబ్బాలో కాస్త మిగిలే ఉంటుంది చూడు." ఆ డబ్బా ఎప్పుడో డాక్టరమ్మకి ఇచ్చేశాను. తగ్గిపోయిన మనిషి కొబ్బరిచెట్టు దగ్గర నిలబడితే ఇవాళ పేపరు కుర్రాడు రెండు వీధులూ వేసి వచ్చాడు. భీమవరంలో మనుషుల డాక్టరు దగ్గర కిరణ్ సోమవారానికి పేరు రాయించాడు. వెళదామంటే వర్షమంటారు, మోకాలంటారు, సోమవారం మంచిది కాదంటారు.

ఇందాక ఆయన హడావిడిగా పెరటి వైపు వెళుతుంటే అడ్డం నిలబడ్డాను.

"దొర కాగితాలండీ. సాక్షి సంతకం ఒకటి కావాలి."

"వచ్చాక పెడతానే."

"పెట్టి వెళ్లండి."

కళ్లజోడు లేదు, ఓపిక లేదు. ఈ పేజీ అడుగున, కోడలు వేలు పెట్టి చూపించిన చోట గీకేసి పరుగెత్తారు. పైన జాగా అంతా ఖాళీగానే ఉంది. ఆయన చెట్టు దగ్గర ఉన్నంతసేపు అందులో నేను రాయిస్తున్నాను, కావలసినంత తీరిక ఉంది. రాయించింది ఇది:

అచ్చిబాబు అనే నేను సోమవారం పొద్దున భీమవరం బండి ఎక్కుతాను. వర్షం పడినా ఎక్కుతాను. డాక్టరు అడిగినదానికి నిజం చెబుతాను, సగం చెప్పి బెల్లం నీళ్లు కలపను. మాత్రలిస్తే మింగుతాను. ఇంకేదన్నా చెయ్యాలంటే నా భార్య బుల్లెమ్మ పక్కనుండగా చేయించుకుంటాను.

ఆయన తిరిగొచ్చాక కోడలు పైకి చదివి వినిపించింది. ఆయన సంతకం వంక, నా వంక మార్చి మార్చి చూశారు.

"ఇది మోసమే!"

"చదువొచ్చినవాళ్లు చదువుకుని పెట్టాలండీ సంతకం."

దొర వచ్చి ఆయన కాళ్ల దగ్గర పడుకున్నాడు. లేసు గరాటు ఆయన పాదానికి తగిలింది. ఆయన వంగి వాడి తల నిమిరారు.

"డాక్టరు గదిలోకి కూడా వస్తావా?"

"గదిలోకేంటండీ, బల్ల దాకా వస్తాను."

"ఆ డాక్టరు మందుకి కూడా పథ్యం ఉంటుందా?"

"ఉంటే అప్పుడు చూద్దాం. ఇప్పటికి ఏ పథ్యమూ లేదు."

"అయితే మెత్తళ్లు నానబెట్టు" అన్నారు. "వంకాయ నేను కోస్తాను."

ఇంతే నా కేసు.

బుల్లెమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
అశ్విని, కోడలు, చెప్పింది చెప్పినట్టు రాసినది (రెండు చోట్ల తప్ప)
బుల్లియ్య, పక్కింటాయన, గోడ అవతల నుంచి అంతా విన్నవాడు
అచ్చిబాబు, భర్త, చదవకుండా పెట్టినది, విన్నాక కొట్టివెయ్యనిది